మాడుగులలో మేకుకి ఉండిపోయిన సంచి

మాడుగుల వెళ్ళనివాళ్ళు ముందుగా అడిగేది హల్వా గురించే. కాబట్టి అదే ముందు చెబుతాను. గోధుమలు మూడు రోజులు నానబెడతారు. రుబ్బి, పాలు పిండి, ఆ పాలని పంచదారతో, నెయ్యితో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పుతారు. చల్లారాక పైన జీడిపప్పు, బాదంపప్పు. మేం వెళ్ళినప్పుడు కిలో నూట ఇరవై రూపాయలు. కొనకపోయినా సరే, కొట్టువాళ్ళు చిన్న కాగితం ముక్క మీద రవ్వంత పెట్టి రుచి చూడమంటారు. మా అనకాపల్లి బెల్లం కొట్లలో కూడా అలాగే ముక్క విరిచి చేతిలో పెడతారు గానీ ఇంత నవ్వుమొహంతో పెట్టరు.

ఇదంతా నా నోటుబుక్కులో ఉంది. కాలేజీలో ఉండగా అరకు ప్రయాణం గురించి మా కాలేజీ పత్రికకి రాస్తే బాగుందన్నారు. అలాంటిదే ఇంకోటి రాసి ఏదైనా వారపత్రికకి పంపుదామని, ఆ నాలుగు రోజుల ప్రయాణం నుంచి తిరిగొచ్చిన వారంలోనే మొదలుపెట్టాను. రోజూ పాప నిద్రపోయాక ఓ పేజీ రాసేదాన్ని. కె. కోటపాడు దాకా రాశాక ఆగిపోయింది. ఏడాదిన్నర తర్వాత ఇప్పుడు మళ్ళీ తెరిచాను. బస్సు చార్జీలు, ఇడ్లీ ధరలు, ఎవరెవరు ఏమన్నారో అన్నీ ఉన్నాయి. కళ్ళముందు ఉన్నదాన్ని చూసి కూడా అదేమిటో తెలుసుకోనిది నేనే.

మేం వెళ్ళింది మా ఆడపడుచు కరుణని పురిటికి తీసుకురావడానికి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో తీసుకొచ్చేయాలి, ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదు. మేం క్రైస్తవులం కాబట్టి ముహూర్తాలు లేవు. పాస్టరు గారో, ఇంటి పెద్దో ప్రార్థన చేస్తే అదే మంచి ఘడియ. కానీ ప్రార్థన చేసుకుని గుమ్మం దాటాక వెనక్కి తిరగకూడదన్న పట్టింపు మాత్రం మా అత్తగారింట్లో తరాల నుంచీ ఉండిపోయింది. ఇది మన మతంలో ఎక్కడుంది అత్తయ్యా అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"అన్నీ రాసుండవు సుశీలా. కొన్ని మా అమ్మ సెప్పింది," అన్నారావిడ.

చోడవరం దారిలో

ఫిబ్రవరి నెల. మావారిని తెల్లవారకుండానే పరవాడ కంపెనీ బస్సు వచ్చి తీసుకుపోయింది. అత్తగారు, నేను, పది నెలల మా పాప బయల్దేరాం. అత్తగారి చేతిలో చలిమిడి డబ్బా, చీరల సంచి. నా భుజాన పాప సంచి. పాప పుట్టినప్పటి నుంచి నాకు అన్నిటికీ భయమే. దోమ కుడితే భయం, తుమ్మితే భయం. ఊళ్ళ నీళ్ళు పట్టవని కాచి చల్లార్చిన నీళ్ళు ఫ్లాస్కులో పోసి ఉంచుకున్నాను. రిక్షా వీధి మలుపు తిరిగాక చూసుకుంటే ఫ్లాస్కు లేదు, వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

"సోడారంలో నీల్లు దొరకవేటి, కూకో," అన్నారు అత్తగారు.

"కాచిన నీళ్ళు అత్తయ్యా," అని దిగి పరిగెత్తాను.

ఫ్లాస్కుతో వచ్చేసరికి ఆవిడ మొహం తిప్పుకున్నారు.

చోడవరం ఇంకా ఐదారు కిలోమీటర్లుందనగా, చెరుకు బళ్ళ వెనకాల నెమ్మదిగా పోతున్న మా బస్సు టైరు పేలింది. స్పేర్ టైరులో కూడా గాలి లేదు. అరగంటన్నది గంటన్నర అయింది. రోడ్డు పక్క మామిడి తోట నీడలో అందరం కూర్చున్నాం. పూత వాసన ముక్కులు పట్టేస్తోంది. అత్తగారు అందరికీ చెప్పడం మొదలుపెట్టారు.

"మా కోడలు పిల్ల ఫ్లాస్కు కోసం ఎనక్కి తిరిగింది. అప్పుడే అనుకున్నాను, ఏదో ఒకటి అవుతాదని."

"ఓలమ్మ, మీ ఫ్లాస్కు సంగతి టైరుకెవుడు సెప్పేడే?" అన్నాడు కండక్టరు.

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు కొందరు నవ్వలేదు. ఒకామె తన పిల్లాడి పెళ్ళిచూపులకి పోతోందట, నా వైపు ఎంతసేపు చూసిందో. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఇక ఈ నాలుగు రోజులూ దేనికీ వెనక్కి తిరగనని ఆ చెట్టు కిందే అనుకున్నాను.

నా పక్కన ఎండు చేపల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. కొంగు ముడి విప్పి ఓ మాత్ర తీసి, నా ఫ్లాస్కు వైపు చూసింది. మూతలో నీళ్ళు పోసిచ్చాను.

"ఏం మాత్ర?" అన్నాను.

"బీపీకమ్మా. రెండేల్లయి ఏసుకుంటన్నాను."

"ఇప్పుడు తల తిరుగుతోందా?"

"లేదు. బాగానే ఉన్నాను. మా డాట్రమ్మ మరీ మరీ సెప్పింది. ఇది నొప్పొచ్చినప్పుడు ఏసుకునీ మాత్ర కాదు మామ్మా, ఏ నొప్పీ లేనప్పుడే ఏసుకోవాల అని. నానేటి మానను. మా తోడికోడలు మానేసి మంచం పట్టింది."

"వయసు మీరేక ఎవులికైనా వత్తాది," అన్నారు అత్తగారు.

నేనూ తలూపాను. ఏ నొప్పీ లేనప్పుడే వేసుకోవాలన్న మాట తమాషాగా ఉందనిపించి, నోటుబుక్కులో అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను కూడా. బీపీ అంటే నాకు మా మావగారు. పింఛను కాగితాలు చూసి కేకలేసే మనిషి, కూరలో ఉప్పు లేకుండా తినే మనిషి. నేను బీయస్సీ చదివాను. రక్తపీడనం గురించి అయిదు మార్కుల ప్రశ్న రాశాను. గుండె ముడుచుకున్నప్పుడు ఒక అంకె, వదులైనప్పుడు ఒక అంకె. పాప కడుపులో ఉండగా నెలనెలా నర్సు నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, "బాగుంది" అనేది. ఏం బాగుందో, బాగోకపోతే ఏమవుతుందో తొమ్మిది నెలల్లో ఒక్కసారీ అడగలేదు. పాప బరువెంత, గుండె కొట్టుకుంటోందా, ఇవే అడిగాను.

కరుణ అత్తవారిల్లు

మాడుగుల బస్టాండు నుంచి మూడు కిలోమీటర్లు లోపలికి, ఆటోలో. మనిషికి నాలుగు రూపాయలు. దూరంగా నీలంగా కొండలు, ఈ పక్క చెరుకు నరికేసిన మోళ్ళు. సాయంత్రం నాలుగైంది.

కరుణ గుమ్మంలోనే నిలబడి ఉంది. చూడగానే నవ్వొచ్చింది. కాళ్ళకి వాళ్ళాయన తోలు చెప్పులు.

"నావి పట్టడం లేదు వదినా," అంది తనూ నవ్వుతూ. పాపని లాక్కుని ముద్దులు పెట్టుకుంది. మెడలో గొలుసుకి దారంతో కట్టి పెళ్ళి ఉంగరం వేలాడుతోంది. "ఏలికి బిగిసిపోతే సబ్బు రాసి తీసేరు."

వాళ్ళత్తగారు సారమ్మ గారు మంచి మాటకారి. మా అత్తగారి ముందు కోడలి చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూపించారు.

"సూడండి వదినా. మీరు పంపినప్పుడు అగ్గిపుల్ల. ఇప్పుడు ఉంగరం పట్టదు, సెప్పులు పట్టవు. మేం తిండెట్టనేదని రేపు అనీకండి."

"అనను లెండి. కాల్లకి నీరు దిగితే మగపిల్లడే," అన్నారు మా అత్తగారు పొంగిపోయి.

ఆ రాత్రి కోడికూర, నువ్వుల పొడి చల్లిన వంకాయ. మర్నాడు పొద్దున్న రాగులతో కాచిన చోడి అంబలి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. మా ఇంట్లో అంబలి అంటే జ్వరమొచ్చినవాళ్ళకి. అక్కడ పొలానికి పోయే మగవాళ్ళందరూ అదే తాగి వెళ్ళారు, మధ్యాహ్నం దాకా ఆకలి వేయదట. ఇంకో తేడా కూడా గమనించాను. మా వైపు వియ్యంకులు వస్తే ఇంటి కోడలు వంటింట్లోంచి రాదు. అక్కడ సారమ్మ గారే వండి వడ్డించి, కోడలిని మా పక్కన కూర్చోబెట్టారు. అంత బాగా చూసుకున్నారు. ఈ కథనంలో నేను తప్పు పట్టగలిగిన మనిషి ఆ ఇంట్లో లేదు.

ఆ పొద్దున్నే కరుణ నిద్ర లేచి వచ్చినప్పుడు చూశాను. మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవైపోయి ఉన్నాయి. నాకూ కాళ్ళు పొంగేవి, సాయంత్రాలు. తెల్లారేసరికి తగ్గేవి. మొహం ఎప్పుడూ పొంగలేదు. "బాగా నిద్ర పట్టినట్టుంది," అన్నాను. నోటుబుక్కులో "కరుణ ఒళ్ళు చేసింది, కళ వచ్చింది" అని ఉంది.

బట్టలు సర్దుతూ మాట్లాడుకున్నాం. గోడ మేకుకి ఒక వైరు సంచి ఉంది, ఎరుపూ తెలుపూ గళ్ళది.

"ఆస్పత్రి సంచి వదినా. కార్డు, మాత్రలు అందులోనే ఉంటాయి. నెలనెలా మాడుగుల ఎల్లి సూపించుకుంటన్నాను. కిందటి నెల డాట్రు గారు ఇంకో రకం మాత్ర కలిపేరు. ఎర్రవి ఇంతకుముందువే, తెల్లవి కొత్తవి."

"దేనికి?"

"బలానికి."

"అన్నీ బలానికేనా?"

"కడుపుతో ఉన్నోల్లకి ఇంకేటిత్తారు? ఉప్పు తగ్గించమన్నారు. పదిహేను రోజుల్లో మల్లీ రమ్మన్నారు. అనకాపల్లి ఎల్తన్నానంటే, అక్కడైనా సరే కార్డు పట్టుకెల్లి సూపించుకోమన్నారు."

అప్పుడే పాప చలిమిడి డబ్బా బోర్లించింది. అటు పరిగెత్తాం. ఆ తర్వాత పేర్ల మీదికి పోయింది మాట. ఆడపిల్లయితే ఏం పెట్టాలని కరుణ అడిగింది. నేను మూడు పేర్లు చెప్పాను.

బస్టాండు

మూడో రోజు ఉదయం ఏడింటికి సారమ్మ గారి పెద్ద బావగారు ప్రార్థన చేశారు. చాలాసేపు చేశారు. ప్రయాణంలో కాచి కాపాడమని, తల్లినీ బిడ్డనీ సుఖంగా వేరు చేయమని. కరుణ ఒళ్ళో పళ్ళు, చీర, చలిమిడి పెట్టారు. సారమ్మ గారు గుమ్మంలో కళ్ళొత్తుకున్నారు. కరుణ భర్త దేవదానం సైకిలు మీద ఆటో వెనకాలే వచ్చాడు.

బస్టాండులో సామాను దించి లెక్కపెడుతుంటే కరుణ అంది, "వదినా, ఆస్పత్రి సంచి."

మేకుకే ఉండిపోయింది.

ఎనిమిదిన్నర బస్సు రావాలి. ఎనిమిదీ ఇరవై ఐదు అయింది. దేవదానం అప్పుడే సైకిలు స్టాండు తీసేశాడు.

"నానెల్లి తెచ్చెత్తాను అక్కా. రానూ పోనూ అరగంట. బస్సు రానీండి, డ్రైవరు మనోడే, సెప్పి ఆపుతాను."

"వద్దు బాబూ," అన్నారు అత్తగారు. "పార్దన సేసుకుని బయల్దేరేం. మనం ఎల్లినా మనిసిని పంపినా ఎనక్కి తిరిగినట్టే. మొన్న తోవలో ఏటయిందో సూసేం కదా."

"కార్డు కదత్తయ్యా," అన్నాడు దేవదానం.

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ సంగతి నేను మర్చిపోలేను. ఆవిడ మొండికేయలేదు. నా వైపు తిరిగి, "సుశీలా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్పు. అది నేకపోతే ఇబ్బందా?" అన్నారు.

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నాకు మామిడి తోట, కండక్టరు నవ్వు గుర్తొచ్చాయి. పాప ఎండకి చిరాకు పడుతోంది. ఈ బస్సు తప్పితే మళ్ళీ పదకొండింటికి. అప్పటికి ఎండ మండిపోతుంది, ఫ్లాస్కులో నీళ్ళు సగమే ఉన్నాయి.

"ఏం ఫర్వాలేదు," అన్నాను. "బలం మాత్రలేగా, అనకాపల్లిలో దొరుకుతాయి. కార్డు అక్కడ కొత్తది రాయించుకోవచ్చు. మీరు వచ్చినప్పుడు తెద్దురుగాని."

అత్తగారికి ఊపిరి తేలికైంది. దేవదానం సైకిలు మళ్ళీ స్టాండు వేశాడు. కరుణ సరేనని పాపని అందుకుంది. వదిన చెప్పింది కదా.

బస్సు ఎనిమిదిన్నరకి రాలేదు. దేవదానం ఎదురుగా ఉన్న కొట్లో పావుకిలో హల్వా కట్టించి తెచ్చాడు. సిమెంటు బల్ల మీద వరసగా కూర్చుని తిన్నాం. ఇంట్లో అందరికీ తీసుకెళ్ళమని ఇంకో కిలో కట్టించాడు. కొట్టతను కరుణ కాళ్ళవైపు చూసి, "మొగుడి సెప్పులేసుకుని పుట్టింటికెల్తన్నావేటమ్మా, ఇంక ఆడు ఎలా వత్తాడు నీ ఎనక," అన్నాడు. కరుణ పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కె. కోటపాడు

చోడవరంలో బస్సు మారి కె. కోటపాడు చేరాం. అత్తగారి చెల్లెలు, అంటే కరుణ పిన్ని, అక్కడుంటుంది. పురిటికి వచ్చే పిల్ల పిన్ని ఇంట్లో ఒక పూట తినకుండా దాటిపోకూడదట. ఎండు నెత్తళ్ళ చేపలు వేయించి, చింతకాయ పచ్చడి వేసి, వేడన్నం పెట్టింది. కరుణ చెయ్యి కంచం మీద ఆగింది.

"ఉప్పు తగ్గించమన్నారు పిన్నీ."

"నీ కడుపు సల్లగుండ. ముగ్గుర్ని కన్నాను, నాకెవుడు తగ్గించేడు ఉప్పు? తినే గుంటా."

"ఒక్క పూటకేం కాదులే," అన్నాను నేను.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. కరుణ తల పట్టేసినట్టుందంది. బస్సు కుదుపులకని నేనే నుదుటికి మందు రాశాను. నాలుగో రోజు సబ్బవరం మీదుగా ఇంటికి వచ్చేశాం. బస్సు దిగీ దిగగానే మందుల షాపులో రక్తం పట్టే మాత్రలు ఒక అట్ట, ఒక టానిక్ సీసా కొన్నాను. ఎర్ర మాత్రలే ఇచ్చాడు. తెల్లవి ఏమిటో అతనికి చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. టానిక్ ఉంది కదా అనుకున్నాను.

నోటుబుక్కులో రాత ఇక్కడిదాకానే.

పదో రోజు

ఆసుపత్రికి ఆదివారం చర్చి అయ్యాక వెళ్దామనుకున్నాం. ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. ఆ తర్వాత వారంలో కరుణకి తలనొప్పి వచ్చిపోతూ ఉంది. ఓ పొద్దున్న దండెం మీది బట్టలు తీస్తూ, "వదినా, కల్లముందు మిణుగురులు ఎగురుతన్నట్టుంది," అంది. ఎండలో నిలబడ్డావు, లోపలికి రా అన్నాను. మర్నాడు పొట్ట పైభాగాన నొప్పంటే, గేస్ అని అత్తగారు వాము నీళ్ళు ఇచ్చారు. మా పాపకి ఏది వచ్చినా పరిగెత్తే మనిషిని, కరుణ చెప్పిన ప్రతిదానికీ నా దగ్గర ఓ జవాబు ఉండేది.

పదో రోజు మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ చేట మీదికి ఒరిగిపోయింది. చేతులు కొట్టుకున్నాయి, కళ్ళు పైకి తేలిపోయాయి. అత్తగారు తాళాల గుత్తి కరుణ చేతిలో పెట్టి ప్రార్థన చేస్తూ ఏడుస్తున్నారు. మూర్ఛ అన్నారు పక్కింటివాళ్ళు. ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని తీసుకెళ్ళాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేతికి పట్టీ చుడుతూనే అడిగారు.

"ఇంతకుముందు బీపీ ఉందా?"

"లేదండి. చిన్నపిల్ల, ఇరవై రెండేళ్ళు," అన్నాను.

"వయసు అడగలేదు. చూపించారా? ఎంతుంది? మాత్రలేమైనా వాడుతోందా?"

"బలం మాత్రలు."

"కార్డేదీ?"

నేను గోడకేసి చూశాను. ఆ గదిలోనూ ఓ మేకు ఉంది, దానికి క్యాలెండరు.

అక్కడ చేయగలిగింది చేసి, ఇంజక్షను ఇచ్చి విశాఖపట్నం పంపేశారు. ఆ సాయంత్రమే ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. అరచేతికి కొంచెం పెద్దది. ఏడవలేదు. కరుణ మూడు రోజులకి కళ్ళు తెరిచింది, కానీ వారం దాకా మనుషులు మసగ్గా కనిపించారు. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. "వదినా, ఏం పేరెట్టేరు?" అని అడిగింది. అప్పటికింకా ఎవరూ చెప్పలేదు ఆమెకి.

సంచి

ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే దేవదానం వచ్చాడు. చేతిలో ఎరుపూ తెలుపూ గళ్ళ సంచి. ఎవరూ తెమ్మనలేదు. ఇంట్లోంచి పరిగెడుతూ చేతికందింది తెచ్చాడంతే.

వార్డు బయట మెట్ల మీద కూర్చుని కార్డు తెరిచాను. నీలి సిరాతో పొందికగా రాసి ఉంది. నాలుగో నెలలో నూట పది, డెబ్బై. అయిదో నెలలో నూట ఇరవై, ఎనభై. ఆరో నెలలో నూట నలభై, తొంభై. దాని పక్కన మాత్ర పేరు, రోజుకి రెండుసార్లు అని. ఏడో నెలలో నూట యాభై, వంద. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. కింద తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యేలా: "బీపీ పెరుగుతోంది. మాత్ర ఆపరాదు. పదిహేను రోజుల్లో తప్పక చూడాలి. తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే వెంటనే రావాలి."

నా బీయస్సీ చదువు అక్కర్లేదు దానికి. మూడో తరగతి చదివితే చాలు.

తెల్ల మాత్రల పొట్లం కూడా సంచిలో అలాగే ఉంది. ఆ మాడుగుల డాక్టరు గారెవరో నేను చూడలేదు. ఆయన చేయాల్సినదంతా చేశారు. దాన్ని మేం గోడకి తగిలించి వచ్చాం.

ఇంట్లో అందరూ ఆ ఎండు నెత్తళ్ళని తిట్టారు. కె. కోటపాడు పిన్ని నెల రోజులు మా గడప తొక్కలేదు, ఏడుస్తూనే ఉందట. నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఒక పూట చేపల వల్ల కాదమ్మా ఇది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ వేరు. కోపం ఉండక్కర్లేదు, వయసు ఉండక్కర్లేదు, చాలాసార్లు నొప్పీ ఉండదు. అందుకే చూస్తూ ఉండాలి. చూసి ఉంటే ముందే చేర్చుకునేవాళ్ళం. అప్పుడు కూడా ఏమయ్యేదో ఖాయంగా చెప్పలేను. చూడాల్సింది మాత్రం చూడాలి."

పిన్నికి ఈ మాట చెప్పడానికి ప్రత్యేకంగా వెళ్ళాను. ఆవిడ గుండెల మీద బరువు కొంత దిగింది. అది వచ్చి నా మీద కూర్చుంది. అలా కూర్చోవడమే న్యాయం.

మా అత్తగారు ఆ రోజు బస్టాండు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతెప్పుడో చర్చికి బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళి, కళ్ళజోడు మరిచానని తనే వెనక్కి తిరిగి వచ్చారు. గుమ్మంలో నన్ను చూసి ఆగారు. నేను లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చిచ్చాను.

కరుణ ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. అయిదో నెల. ఈసారి పుట్టింటికి కాకుండా, ఆసుపత్రికి దగ్గరగా ఉండేలా చోడవరంలో గది తీసుకుంటారట. తెల్ల మాత్ర దేనికో, ఎర్ర మాత్ర దేనికో వాళ్ళ వీధిలో కడుపుతో ఉన్న ఇద్దరు పిల్లలకి తనే చెబుతోందట. నెలనెలా చూపించుకుని వస్తూ, రూపాయి ఫోను డబ్బా దగ్గర ఆగి మా పక్కింటికి చేస్తుంది. నేను పరిగెత్తి వెళ్ళి అందుకుంటాను.

"నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు వదినా," అంది మొన్న. "కాల్లు పొంగలేదు. నా సెప్పులే ఏసుకుంటన్నాను."

"కార్డు?"

"సేతిలోనే ఉంది. బ్లౌజు గుడ్డతో సంచి కుట్టేను, మెడకి ఏసుకుంటాను. నీకేటి, నువ్వు కంగారు పడకు. పాపెలా ఉంది?"

నన్ను ఓదారుస్తోంది. ఆ రోజు గురించి నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేను చాలాసార్లు ఆలోచించుకున్నాను.

ఫోను పెట్టేశాక ఆ అంకెలు రాసుకోవడానికి ఈ నోటుబుక్కే తీస్తాను. మూడో రోజు పేజీలో కింద కాస్త ఖాళీ ఉంది. కిందటి నెల అంకెల కింద ఈ నెలవి, వాటి పైన ఆనాటి నా రాత, నల్ల సిరాలో, ఏ తొందరా లేకుండా:

"మాడుగుల బస్టాండు. హల్వా పావుకిలో ముప్పై రూపాయలు, చాలా బాగుంది. బస్సు ముప్పావుగంట ఆలస్యం. ఏమీ తోచక అలా కూర్చున్నాం."